సుద్దముక్క

సోమవారం సెలవు.
మంగళవారం పొద్దున్న ఏడింటికి చీటీలు.
నౌపడా పాసింజరు లేటైతే
దాంట్లో వచ్చేవాళ్లకి ఆఖరి పది చీటీలు ఆపుతాం.
ఇది బల్ల మీద లేదు, నా జేబులో ఉంది.

గుణుపురం పాత బస్టాండు వెనక సందు.
డాక్టరు సంజుక్తా పాఢీ గారిది వైద్యం,
గోడకున్న నల్లబల్ల నాది.
ఎడమ సగం ఒడియా, కుడి సగం తెలుగు.
ఇరవై రెండేళ్లుగా కాలం మారిన రోజున
తడిగుడ్డతో పాతది తుడిచి
కొత్తది రాసే కాంపౌండర్ని.

ఒడియాలో జొరొ. మావాళ్ల నోట జొరం.
నడిమి గీత దగ్గర రెండు మాటలకీ
మోచేతులు తగుల్తుంటాయి.
కొండ దిగి వచ్చే సవరలకి మాత్రం
ఏ సగమూ లేదు.
వాళ్లు బల్లని చూడరు, నా మొహాన్ని చూస్తారు.

ఎండలకి ఇలా రాస్తాను:
చోడంబలి తాగి గడప దాటండి.
జీడిపిక్కలు ఒలిచేవాళ్లు ముందే
చేతులకి నూనె రాసుకోండి,
సొన కాలిస్తే గోకొద్దు, కడిగి రండి.
చలికి: పసిగుడ్డుని పొయ్యి పక్కన పడుకోబెట్టొద్దు,
పొగ దగ్గు మందుకి లొంగదు.

వానలకే చోటు చాలదు.
దోమతెర చేపలకి కాదు.
వణుకు పుడితే వేలు చూపండి, ఒక్క బొట్టు,
పావుగంటలో చెప్తాం, దానికి డబ్బుల్లేవు.
ఇచ్చిన మాత్రలన్నీ మింగండి,
తగ్గిందని సగం దాచి
పక్కింటి పిల్లకి పెట్టొద్దు.
పాము కరిస్తే కట్టు బిగించొద్దు, కొయ్యొద్దు,
మంత్రానికని వంశధార దాటొద్దు.
ఇక్కడికీ రావద్దు. ఆ సూది మా దగ్గర లేదు.
కాలు కదపకుండా పెద్దాసుపత్రికి మోసుకుపొండి.

'ఇక్కడికి రావద్దు' అని
సొంత గోడ మీద రాయించిన డాక్టరు
ఇంకెక్కడైనా ఉంటే నాకు చెప్పండి.

పోయిన ఆషాఢం.
పుట్టాసింగి వైపు నుంచి రూతు కర్జీ వచ్చింది,
చంకలో పిల్లాడు, మూడోసారి విరేచనాలు.
"ఏటి రాసినావు? సదువు" అంది.
చదివాను. నీళ్లు మరగబెట్టి, చల్లార్చి...
"కర్ర?" అంది.
అర్థం కాలేదు.
"మరగెట్టడానికి కర్ర. ఎవులు తెత్తారు?"

తెచ్చేది ఆవిడే.
వారానికి రెండు మోపులు నెత్తిన దిగుతాయి,
ఒకటి హోటలుకి, ఒకటి మా వీధికి.
ఆ డబ్బులే బస్సుకి, ఆ డబ్బులే చీటీకి.
మా ఇంట్లో మరిగే నీళ్లు
ఆవిడ కట్టెల మీద మరుగుతున్నాయి.
సుద్దముక్క చేతిలోనే ఉంది.
ఏ సగంలో రాయను?

తెర వెనక డాక్టరమ్మ విన్నట్టుంది.
బయటికొచ్చి పిల్లాడి పొట్ట మీద చర్మం
రెండు వేళ్లతో పట్టి వదిలి చూసింది,
ఉప్పూ పంచదారా పొట్లం నా చేత కలిపించింది,
తరవాత బల్ల వైపు తిరిగి
వచ్చీరాని తెలుగులో
"నారాయుడూ, ఆ మధ్య గీత తీసెయ్" అంది.

తీసేశాను.
ఒడియా కొంచెం అటు, తెలుగు కొంచెం ఇటు జరిగాయి.
ఆ సందులో కుండ గీశాను.
కుండ మీద తెల్ల బిళ్ల, ఒకటే.
పక్కన, సగం తిరిగిన గడియారం ముల్లు.
క్లోరిన్ బిళ్లలు అడిగినవాళ్లకి ఊరికే.
కుండకొకటి, అరగంట ఆగాలి, కర్ర అక్కర్లేదు.

రూతు పిల్లాడికి చెంచాతో పడుతూ
మొదటిసారి నా మొహం వదిలి
బల్ల వైపు చూసింది. చాలాసేపు.
"గుమ్మడికాయా?"
కుండ, అన్నాను.
"మూతేదీ మరి? దోమలు గుడ్లెట్టవా?"

మూత గీశాను.